బాతులు లేని క్యాసెట్

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఏలూరులోని మా ఇంట్లో మా అమ్మాయి కంప్యూటర్ చార్జర్ వేడెక్కి, కాలీ కాలని ప్లాస్టిక్ వాసన గదంతా కమ్ముకుంది. ప్లగ్గు పీకి, ఆ వెచ్చని నల్లటి ముద్దను అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది నేను ఎరిగిన వాసనే. నా పదకొండో ఏట తాడేపల్లిగూడెంలో, మా ముందుగదిలో టీవీ బల్ల కింద పడుండే వీడియో గేమ్ అడాప్టర్ రోజూ సాయంత్రం ఇదే వాసన వేసేది. తడిగుడ్డ కప్పితే చల్లబడుతుందని నేను ఒకసారి కప్పబోతే, అమ్మ వీపు మీద ఒక్కటి వేసి గుడ్డ లాక్కుంది.

మా నాన్నకి గూడెం మార్కెట్లో ఉల్లిపాయల దుకాణం ఉండేది. లారీల్లో వచ్చిన గోనెల్ని దింపడం, తడిసినవి విప్పి ఆరబోయడం, మొలకెత్తినవి ఏరేయడం, ఇదే ఆయన లోకం. చొక్కాకి, చేతికి, చివరికి మా బడి ఫీజుకిచ్చే నోట్లకి కూడా ఉల్లి వాసనే. ఇంట్లో నేను, మా పద్మక్క. అక్క ఏ పని మొదలుపెట్టినా పూర్తిచేసే రకం. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. గోళీలాటలో సగంలో లేచి ఏడుపెంకులాటకి, అందులోంచి గాలిపటానికి, అన్నం తింటూ కూడా విస్తరి ముందు మోకాళ్ళ మీద లేచి కూర్చుని, నోట్లో ముద్ద ఉండగానే రెండో కూర ఏమిటని అడుగుతూ ఉండేవాడిని.

అలాంటి నా చేతికి టీవీలో పెట్టి ఆడే వీడియో గేమ్ వచ్చింది. దానితో పాటు ఎర్ర ప్లాస్టిక్ తుపాకీ, ఒక బాతుల ఆట క్యాసెట్ ఇచ్చారు. నీలం ఆకాశంలోకి రెండేసి బాతులు లేస్తాయి, తుపాకీ గురిపెట్టి కొట్టాలి. నెల తిరక్కుండా దాని మీద నాకు మొహం మొత్తింది. అక్కడి నుంచి కొనడం మొదలైంది. పుట్టినరోజుకి ఒకటి, మావయ్య వచ్చినప్పుడు ఒకటి. పెట్టె మీద బొమ్మ చూసి గుండె కొట్టుకునేది: నిప్పులు కక్కే కారు, కొండ అంచున దూకుతున్న మోటారు సైకిలు. ఇంటికి తెచ్చి పెడితే ఆ కారు ఎర్ర అగ్గిపెట్టెలా రోడ్డుకి అడ్డంగా పాకేది, ఎటు తిప్పినా గోడకి తగిలి ఆట అయిపోయేది. ఇంకోదాంట్లో అక్షరాలు ఏ దేశపువో తెలియక మొదటి తెర దాటలేకపోయాం. సాయంత్రానికల్లా ఉసూరుమంటూ దాన్ని పెట్టెలో పడేసేవాడిని. మరునాటికి ఆ నిరాశ కొత్త క్యాసెట్ మీది ఆశగా మారిపోయేది.

ఆ ఏడు దసరా సెలవుల్లో మా నాయనమ్మ కంటి ఆపరేషన్‌కి మండవల్లి నుంచి వచ్చింది. అక్కడ మా బాబాయి దగ్గర ఉండేది. కొల్లేటి ఒడ్డునే పుట్టి, కొల్లేటి ఒడ్డునే కాపురం చేసిన మనిషి. కుడికంట్లో పొర పూర్తిగా కమ్మేసి, ఎదుట నిలబడ్డది ఎవరో గొంతు వింటే గాని చెప్పలేని స్థితికి వచ్చింది. ఎడమకన్ను కూడా అప్పటికే మసకే. ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, రెండు నెలల దాకా పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, దుమ్ములో తిరగకూడదు, తలస్నానం చేయకూడదని చెప్పారు. అందుకని ఆ రెండు నెలలూ మా ఇంట్లోనే ఉంచాలని నాన్న పట్టుబట్టాడు.

ఆవిడకి మా ఇల్లు జైలు. తెల్లవారకుండా లేచి వీధి గుమ్మం దాకా తడుముకుంటూ వెళ్ళడం, "ఇక్కడ గాలే లేదేవిటే" అని అమ్మతో అనడం, మళ్ళీ పెరట్లోకి, మళ్ళీ వీధిలోకి. అమ్మ అట్లకాడ పట్టుకుని వెనకాలే పరుగు. "అత్తయ్యగారండీ, కాస్త కూర్చోండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలేది. "కూర్చుంటే అక్కడ కోతలు ఎవరు చూస్తారే తల్లీ?" అనేది ఆవిడ. ఇంట్లో కాలు నిలవని ప్రాణులు ఇద్దరయ్యాం.

దీపావళి సాయంత్రం వీధంతా పొగ. నాయనమ్మ కంటికి పొగ తగలకూడదని ముందుగది కిటికీలు మూసి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కారు. మతాబాలు ఒక్కొక్కటే వెలిగించే ఓపిక లేక నేను కట్ట మొత్తం అంటించి వేలు కాల్చుకున్నాను. దానికి శిక్షగా నన్నూ ఆ గదిలోనే కూర్చోబెట్టారు. బయట చిచ్చుబుడ్లు సుయ్యిమంటున్నాయి, నా వేలికి వెన్న రాసి ఉంది, నాయనమ్మ నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద అటూ ఇటూ కదులుతోంది. ఏం తోచక వీడియో గేమ్ పెట్టాను. చేతికి దొరికింది ఆ పాత బాతుల క్యాసెట్టే.

రెండు బాతులు లేచాయి. నాయనమ్మ కదలడం మానేసింది. నల్లద్దాలు కాస్త పైకెత్తి, మంచం దిగొచ్చి, టీవీకి మూరెడు దూరంలో కూలబడింది.

"ఒరేయ్ బుజ్జీ, పరజలు కదూ అవి?"

కంట్లో పొర తీశాక ఆవిడ ఇష్టంగా చూసిన మొదటి వస్తువు అదే. పరజలంటే కొల్లేటి మీద గుంపులుగా దిగే అడవి బాతులు. నేను తుపాకీ ఎత్తబోతే చెయ్యి పట్టుకుంది.

"కొట్టకురా. ఎగరనీ."

ఎగరనిస్తే ఆట అయిపోతుంది. అయిపోతే మళ్ళీ మొదటినుంచి పెట్టాలి. ఆ రోజు మొదలు ప్రతి సాయంత్రం అదే పని. బడి నుంచి రాగానే నేను క్యాసెట్ పెట్టాలి, తుపాకీ ముట్టుకోకూడదు, బాతులు రెండేసి లేచి, రెక్కలు టపటపలాడించి, తెర పైనుంచి వెళ్ళిపోతుంటే ఆవిడ చూడాలి. నాగులచవితి చిమ్మిలి ముద్దలు కొంగులో దాచుకుని, ఒకటి నాకిచ్చి ఒకటి తను తింటూ, వాటి నడక గురించి, గూడు కట్టే తుంగ గురించి, తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న దోనె మీద వెళ్తుంటే అవి ఒక్కసారిగా లేచి ఆకాశం మూసేయడం గురించి చెప్పేది. వీధి గుమ్మంలోకి తిరగడం మానేసింది. అమ్మకి ప్రాణం లేచొచ్చింది. నాకు మాత్రం ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. కొట్టకుండా బాతుల్ని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో పదకొండేళ్ళవాడినే అడగాలి.

రెండో శనివారం బడికి సెలవు. నాయనమ్మ కన్ను చూపించడానికి నాన్న ఏలూరు బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను. క్యాసెట్ నా జేబులో ఉంది. పాసింజరు బండి ఉంగుటూరులో ఆగి, పూళ్ళలో ఆగి, భీమడోలులో అసలు కదలనని మొరాయించినంతసేపూ నేను నాయనమ్మ చెవిలో ఒకటే పోరు. మెయిన్ బజార్ పక్క సందులో ఒక దుకాణం ఉందని, అక్కడ లక్షల ఆటలుండే క్యాసెట్ దొరుకుతుందని మా క్లాసువాడు చెప్పాడు.

"దాంట్లో బాతుల ఆటలే వంద ఉంటాయి నాయనమ్మా. రకరకాల బాతులు."

"పరజలు కూడానా?"

"అవీ ఉంటాయి."

ఆసుపత్రిలో కన్ను బాగుందన్నారు. నాన్న మెయిన్ బజార్లో మందుల షాపుకి వెళ్తూ, పక్క సందులోని సోడా కొట్టు బల్ల మీద నాయనమ్మని కూర్చోబెట్టి నన్ను కాపలా పెట్టాడు. ఆవిడ కొంగు ముడి విప్పి, ఉన్నది నా చేతిలో పెట్టింది. నేను ఎదురుగానే ఉన్న ఆ క్యాసెట్ల దుకాణంలోకి పరుగెత్తి, పాత క్యాసెట్ ఇచ్చి, ఆ డబ్బు పైన పెట్టి, మెరుపు కాగితం మీద వరసగా ఆరు తొమ్మిదులున్న పసుపు క్యాసెట్ తీసుకుని బయటికొచ్చాను.

ఆ సాయంత్రం అందరం టీవీ ముందు చేరాం. తెర మీద ఆటల పేర్లు వరసగా వచ్చాయి. మొదటిది ట్యాంకులాట. రెండోది ఇటుకలు పడగొట్టడం. మూడోది ఎవడో గోతులు దూకుతూ పరుగెత్తడం. నాలుగోది కప్ప రోడ్డు దాటడం. ఐదోది మళ్ళీ ట్యాంకులాట, కాస్త వేగంగా. ఆరోది మళ్ళీ ఇటుకలు, రంగు మార్చి.

"బాతులేవిరా?" అంది నాయనమ్మ.

"వెనకాల ఉంటాయి. ముందుకెళ్ళాలి."

ముందుకెళ్తూనే ఉన్నాను. ఆ వారమంతా బడి నుంచి వచ్చి, బొటనవేలు కాయ కాసేదాకా బొత్తం నొక్కుతూనే ఉన్నాను. వంద దాటింది, మూడొందలు దాటింది. అడాప్టర్ కమిలిన వాసన వేస్తుంటే ఆపి, చల్లబడగానే మళ్ళీ. నాయనమ్మ పక్కన కూర్చుని మొదటి రెండు రోజులు ఓపిగ్గా చూసింది. మూడోనాడు మధ్యలో లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళింది. ఐదోనాడు అన్నాల దగ్గర పద్మక్క తన నోటుపుస్తకం తెచ్చి నాన్న ముందు పెట్టింది. నంబరు నంబరుకి ఆట పేరు రాసుకుంది.

"నాలుగే ఆటలు నాన్నా. అవే తిరిగి తిరిగి వస్తున్నాయి. బాతులు లేవు."

నాన్న నన్ను కొట్టలేదు. "పెద్దావిడకి ఉన్నాయని చెప్పావంటరా?" అని మాత్రం అడిగాడు. నేను కంచంలో మజ్జిగ కలుపుతూ ఉండిపోయాను.

మరుసటి వారం మళ్ళీ చూపించుకోవాల్సి ఉంటే, నాయనమ్మ నన్ను బడి మానిపించి మరీ వెంటబెట్టుకుంది. ఆసుపత్రి అవగానే నాన్న వద్దంటున్నా వినకుండా, నల్లద్దాలతో, నా భుజం పట్టుకుని ఆ దుకాణం మెట్లెక్కింది. దుకాణదారు నడివయసు మనిషి. స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

"ఏవండీ, ఇందులో బాతుల్లేవండీ. మాది మాకిచ్చేయండి" అంది నాయనమ్మ.

"అయ్యో, అది ఆవేళే అత్తిలి వాళ్ళెవరో పట్టుకెళ్ళారండీ. మా దగ్గర ఇంకోటి లేదండీ."

పాపం, ఆయన ఉన్నవాటిలో పిట్టలున్న క్యాసెట్లన్నీ తీసి, ఒక్కొక్కటే టీవీలో పెట్టి చూపించాడు. ఒకదాంట్లో గద్దలాంటిది రాళ్ళు వేస్తోంది. ఇంకోదాంట్లో చిలుక గొడుగు పట్టుకుని దిగుతోంది. నాయనమ్మ ప్రతిదాన్నీ శ్రద్ధగా చూసి, "ఇది కాదండీ" అంటూ వచ్చింది. మూడోదాని తరవాత లేచి, ఆయనకి దణ్ణం పెట్టి, మెట్లు దిగి, నాన్నతో ఒకే మాట అంది.

"నన్ను కైకలూరు బస్సు ఎక్కించరా."

"ఇంకా నెల ఉందన్నారు కదే అమ్మా."

"ఆ గదిలో ఇంక నా వల్ల కాదు."

మండవల్లికి కైకలూరు మీదుగానే వెళ్ళాలి. నాన్న ఎంత చెప్పినా వినలేదు. ఆ ఏడు వానలు తక్కువై రోడ్డు తెగలేదు, బస్సు కొల్లేటి మీదుగానే వెళ్ళింది. రెండు వైపులా నీళ్ళు, తుంగ, చేపల చెరువుల గట్లు, వలలు ఆరేసిన వెదుళ్ళు, ఎండలో వెండిలా మెరిసే బురద. నాయనమ్మ కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, నల్లద్దాలు తీసేసి చూస్తోంది. నాన్న పెట్టుకోమంటే పెట్టుకుని, ఆయన అటు తిరగగానే మళ్ళీ తీసేస్తోంది. "అదిగో, అదిగో" అని నా మోచేతిని పొడిచింది. నేను చూడలేదు. ఐదు వందల తరవాత నంబర్లలో బాతులు ఉండొచ్చు కదా, అక్క అంతదాకా రాయలేదు కదా అని లెక్కేసుకుంటూ, ఇంటికి తిరుగు బస్సు ఎన్నింటికని నాన్నని అడుగుతున్నాను.

మండవల్లిలో అప్పటికే కోతలు మొదలయ్యాయి. కళ్ళంలో నూర్పిడి దుమ్ము, ఇంట్లో కట్టెల పొయ్యి. పది రోజులకి బాబాయి మార్కెట్ ఫోనుకి కబురు చేశాడు. నాయనమ్మ కన్ను చింతనిప్పులా ఉందని. మళ్ళీ ఏలూరు, చుక్కలు, ఇంజెక్షన్లు. ఎరుపు తగ్గింది గాని ఆ కంటి చూపు వెనక్కి రాలేదు. మంచులోంచి చూసినట్టు ఉండేదట. దుమ్ము వల్ల కావచ్చు, పొగ వల్ల కావచ్చు, వయసు వల్ల కూడా కావచ్చని డాక్టరు అన్నాడు. "ఇక్కడ ఉండుంటే ఇంత జరిగేది కాదు" అని అమ్మ అంది. ఆ మాట అన్నప్పుడు ఎవరూ నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

ఆవిడ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఎవరైనా మాట్లాడుతుంటే మెడ పక్కకి తిప్పి, మిగిలిన ఆ మసక ఎడమకంటితో చూసేది. నేను కాలేజీలో ఉండగా ఒక వేసవిలో మండవల్లి వెళ్ళి, తాటిముంజలు ఒలుస్తూ కూర్చున్న ఆవిడ దగ్గర ధైర్యం చేసి ఎత్తాను.

"నాయనమ్మా, ఆ క్యాసెట్ విషయంలో నాదే తప్పు."

"ఏ క్యాసెట్టురా?" అని మెడ తిప్పి చూసి, ముంజ ఒకటి నా చేతిలో పెట్టింది. నిజంగా మరిచిపోయిందో, నన్ను వదిలేసిందో ఈనాటికీ తెలియదు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను, నవ్విస్తూ చెప్పాను. దుకాణంవాడు పసివాణ్ణి ఎలా మోసం చేశాడో చూడండి అన్నట్టు చెప్పాను. ఒక్క ముక్క మాత్రం ఎప్పుడూ మింగేసేవాడిని. ఆ శనివారం ఆయన పసుపు క్యాసెట్ నా చేతికివ్వబోతూ, "వేసి చూపించమంటారా బాబూ?" అని అడిగాడు. టీవీ పక్కనే ఉంది, వైర్లు తగిలించే ఉన్నాయి. నేను వద్దన్నాను. సోడా కొట్టు బల్ల మీంచి నాయనమ్మ ఇటే చూస్తోంది. వేస్తే బాతులు లేవని తెలిసిపోతుందని, తెలిస్తే కొత్తది చెయ్యి జారిపోతుందని భయం వేసింది. లేవని నాకు అప్పుడే సగం తెలుసు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన, నేను వద్దన్న సంగతి నాయనమ్మతో అనేసి బయటపడి ఉండొచ్చు. అనలేదు.

ఆ సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆటలు కొనడానికి సందులోకి వెళ్ళే పనే లేదు. పడుకుని ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే కొన్నట్టే, ఇంకో నొక్కు నొక్కితే మరొకటి. నేను అలా కొని ఒక్కసారైనా తెరవనివి ఎన్నో ఉన్నాయి. ఈ వయసులో కూడా ఏదో కొనబోతూ, నొక్కే ముందు వేలు ఒక క్షణం ఆగుతుంది. ఎవరైనా అడుగుతారేమో అని. ఎవరూ అడగరు. నొక్కేస్తాను.