టీచరమ్మ కుర్చీ

ఆ పేట శాంతి సంఘంలో సభ్యులు ఐదుగురు మగవాళ్లు, ఒక ఖాళీ కుర్చీ. కుర్చీకి సభ్యత్వమేమిటని నవ్వకండి. పైనుంచి తనిఖీకి ఎవరొచ్చినా "మీ సంఘంలో ఆడవాళ్లున్నారా?" అని అడగడం, అధ్యక్షుడు గొంతు తగ్గించి "ఉన్నారండీ, అదిగో మా టీచరమ్మ స్థానం" అని చూపించడం, వచ్చినవాళ్లు లేచి నిలబడి తలలు వంచడం మామూలే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటారు చూడండి, అది. ఇక్కడ ఆ చెట్టును ఎవరు నరికారో కూడా తెలియదు.

రెండు పేటల మధ్య గొడవలై, నడిరోడ్డు మీద తుపాకుల కాపలా పడ్డాక పెట్టిన సంఘం అది. అందులో మొదటి ఆడమనిషి టీచరమ్మ, చివరి ఆడమనిషీ ఆవిడే. కాపలా దగ్గర ఆడవాళ్లను సోదా చెయ్యడానికి ఆడవాళ్లనే పెట్టమంది, సమావేశాలు పగటిపూట పెట్టమంది. కుర్రాళ్లను ఇళ్లలోంచి ఎత్తుకుపోతున్నదెవరో తనకు తెలిసిందనీ, వచ్చే సమావేశంలో చెబుతాననీ అంది. ఆ సాయంత్రం ఇంటికి చేరలేదు. శవమైనా దొరకలేదు.

ఆవిడ చెల్లెలిది ఇస్త్రీ కొట్టు. పేటంతా ఇస్త్రీ చిన్నమ్మ అంటారు. అక్క ఎంత మాటకారో, ఈవిడ అంత నోట్లో నాలుక లేని మనిషి. చిన్న వయసులోనే మొగుడు పోతే, అక్కే తీసుకొచ్చి ఇంటి ముందుగదిలో కొట్టు పెట్టించింది. అక్క బట్టల మీదే పని నేర్చుకుంటూ, బడికి వేసుకెళ్లే మంచి బట్టల జతను వీపు దగ్గర కాల్చింది. అక్క ఒక్క మాట అనలేదు. పైన స్వెట్టరు వేసుకుని ఎండాకాలమంతా బడికి పోయింది.

ఆ చివరి సాయంత్రం అక్క శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది. సంఘం వాళ్లు దాన్ని నెలనెలా ఇస్త్రీకి చిన్నమ్మకు పంపేవాళ్లు. మొదట్లో మర్యాద చేస్తున్నారని పొంగిపోయింది పిచ్చిది. నీళ్లు చిలకరించి పెట్టె ఆనించగానే ఆవిరిలోంచి అక్క వాసన లేచేది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ ఒక్క బట్ట ఇస్త్రీ చేసేటప్పుడు మాత్రం ఆమె వీధి తలుపు మూసుకునేది.

ఒకరోజు అక్క కూతురు కొట్లో దుప్పట్లు మడతపెడుతూ అంది.

"పిన్నీ, రేపు మీటింగ్‌కి నేను పోతా. అమ్మ కుర్చీలో కూర్చుంటా."

చిన్నమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది.

"నీకేమైనా పిచ్చా? ఇంట్లోంచి కదిలావంటే ఊరుకోను."

"మరెవరు పోతారు? ఉత్త కుర్చీకి దండాలు పెట్టుకుంటూ ఎన్నాళ్లు? కాపలా దగ్గర ఇంకా మగాళ్లే తడుముతున్నారు మమ్మల్ని. నిన్న నన్ను..."

పిల్ల ఆగిపోయింది. మిగతాది చిన్నమ్మ అడగలేకపోయింది.

"నేను పోతాలే," అంది.

ధైర్యం వచ్చి కాదు. ఈ పిల్లను కూడా పోగొట్టుకుంటే తను బతకలేదు, అంతే.

సమావేశం ఎప్పుడూ మగవాళ్ల పనులయ్యాకే, పొద్దుగూకే వేళ, మూతపడ్డ బ్యాంకు మేడ మీద. ప్రతిసారీ ఇస్త్రీ చేసిన శాలువా తెచ్చి కుర్చీకి కప్పి వెళ్లిపోయే చిన్నమ్మ ఆ రోజు దాన్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"చిన్నమ్మా, అది మీ అక్క కుర్చీ కదమ్మా," అన్నాడు అధ్యక్షుడు. ఆయన రిటైరైన కోర్టు గుమాస్తా, నెమ్మదస్తుడని పేరు.

"తెలుసండీ. ఆవిడ వచ్చేదాకా నేను కూర్చుంటా."

కాపలా దగ్గర ఆడవాళ్లను పెట్టించమంది. సమావేశాలు పగటిపూట పెట్టమంది.

"పైవాళ్లతో మాట్లాడాలమ్మా, అంత తేలిక కాదు," అన్నాడు మందుల షాపాయన.

అప్పుడు అనుకోని మాట ఒకటి ఆమె నోటివెంట వచ్చేసింది.

"ఆ రోజు అక్కని ఇంటిదాకా దిగబెట్టిందెవరండీ?"

ఎవరూ కాదు. ఇంకో సభ్యుడు, కలప వ్యాపారి వెంట ఉన్నాడు కదా అని మందుల షాపాయన తన సందులోకి మళ్లిపోయాడట. అధ్యక్షుడున్నాడని కలప వ్యాపారి మళ్లిపోయాడట. అధ్యక్షుడికేమో ఆ రోజు జ్వరమట, సమావేశం మధ్యలోనే లేచి వెళ్లాడట. మిగతా ఇద్దరూ ఆ రోజు వచ్చామో లేదో గుర్తులేదన్నారు. తిలా పాపం తలా పిడికెడు. ఒకరి మాట ఒకరి మాటతో అతకలేదు, అతకలేదని అందరికీ తెలిసింది.

"సరే, ఇకనుంచి పగలే పెట్టుకుందాం," అన్నాడు అధ్యక్షుడు గబగబా. "ఆడకాపలా కావాలని కూడా రాసి పంపుదాం."

ఒక్కరూ కాదనలేదు. అక్క అడిగి అడిగి అలిసిపోయిన రెండు పనులూ ఒక్క గుక్కలో అయిపోయాయి. చిన్నమ్మకు సంతోషం కలగలేదు. ఏం దాచడానికి ఇంత తొందర అనిపించింది.

కిందికి దిగేసరికి వీధిలో చీకటి పడింది. ఐదుగురూ ఆమె వెంట బయల్దేరారు. మందుల షాపాయన సందు వచ్చింది, ఆయన మళ్లలేదు. కలప అడితి దాటారు, వ్యాపారీ మళ్లలేదు. ఆమెను చివరిగా చూసినవాడు తను కాకూడదని ప్రతివాడికీ ఉంది. చిన్నమ్మకు వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసింది. వీళ్లలో నలుగురు ఉత్త పిరికివాళ్లే కావచ్చు. ఐదోవాడు ఎవరు? వెనక అడుగుల చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆ సాయంత్రం అక్క కూడా ఇదే చప్పుడు వింటూ, తోడున్నారు కదా అని నిశ్చింతగా నడిచి ఉంటుంది.