తొంభై రెండు మార్కుల బావ

మా బావకి ఆ పరీక్షలో నూటికి తొంభై రెండు మార్కులొచ్చాయి. మార్కులొస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన సంగతి చెప్తాను, నా కోపం న్యాయమో కాదో మీరే తేల్చండి. మా అక్క మొగుడు ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. అంతెత్తున అద్దాల గదిలో కూర్చుని, ఓడలోంచి ఇనప కంటైనర్లు తీసి లారీల మీద పెట్టేవాడు. పెట్టె దిగినా లారీ అదరదని అక్కడందరూ ఆయన్ని ‘దూదిచెయ్యి’ అనేవారు. అంత పైనుంచి కింద ఏముందో సరిగా కనబడదు. కింద నిలబడ్డ మనిషి వాకీటాకీలో ‘ఎత్తు, ఎడమకి, ఆపు, దించు’ అని చెప్పాలి, ఈయన చెయ్యాలి. చెప్పందే మీట కదపకూడదు. కదిపితే కిందవాళ్ల ప్రాణాలు పోతాయి. ఒకసారి పెద్దాఫీసరే వచ్చి ఆలస్యమవుతోందని కేకలేస్తే, మా బావ పైన కాళ్లు జాపుకుని కూర్చున్నాడట. వాకీటాకీ ఉన్నవాడు నోరు విప్పలేదు మరి. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ కథ మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. “అక్క చెప్పందే ముద్ద కూడా మింగవేమో బావా!” అని నేను ఏడిపించేదాన్ని.

ఆ వేళాకోళం ఇప్పుడు నిజమై కూర్చుంది. కొంతకాలంగా ఆయనకి ఒక పని తర్వాత ఇంకో పని తట్టదు. చొక్కా చేతికిస్తే పట్టుకుని నిలబడతాడు. ‘తొడుక్కోండి’ అంటే తొడుక్కుంటాడు. ‘బొత్తాలు’ అంటే అప్పుడు బొత్తాలు. అక్క స్నానానికి వెళ్లినా తలుపు గడియ వేసుకోదు. మొన్న అలా వెళ్లినప్పుడే పాలు పొంగి, మంట ఆరిపోయి, ఇల్లంతా గ్యాసు నిండింది. బావ ఆ పొయ్యి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సమయానికి నేను వెళ్లాను కాబట్టి సరిపోయింది.

“పాలు పొంగడం కనబడలేదా బావా?”

“కనబడింది.”

“మరి ఆపొద్దా?”

“ఎవరూ చెప్పలేదుగా.”

అక్క మోకాలికి ఆపరేషన్ చెయ్యాలి. గోడ పట్టుకుని నడుస్తోంది. ఈయన్ని వదిలి ఆసుపత్రిలో ఎలా పడుకుంటుంది? పెద్దవాళ్లని చూసుకునే కేంద్రం ఒకటుంది. తన పనులు తాను చేసుకోలేడని పరీక్షలో తేలితేనే అక్కడ చోటిస్తారు. ఆ పరీక్షకి కళ్లు మొత్తం మూసేసే పెద్ద కళ్లజోడు తగిలిస్తారు. అందులో నిజంలాంటి వంటగది, వీధి, దుకాణం కనబడతాయి. చేతుల్లో పట్టుకున్న మీటలతో ఆ పొయ్యి ఆపాలి, ఆ తలుపు వెయ్యాలి. మీటలట! ఆ చేతులకి!

మార్కులు తెలియగానే అక్క కొడుకు ఫోన్ చేశాడు. “చూశావా పిన్నీ, నాన్న బంగారంలా ఉన్నారు. అమ్మే ఊరికే కంగారుపడుతోంది,” అన్నాడు. ఉండేది రెండు వీధుల అవతలే. సెలవు రోజున వచ్చి, టీ తాగి, పోతాడు. ఒడ్డున కూర్చుని ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చు.

“నీ బంగారాన్ని ఓ వారం నీ ఇంట్లో పెట్టుకోరా,” అన్నాను. ఫోన్ కట్టయింది.

అసలు ఎలా చేశాడని అక్కని అడిగాను. చెవులకి కూడా ఏదో పెడతారట. అందులో ఒకమ్మాయి గొంతు ప్రతీదీ చెప్తుందట: ఇప్పుడు పొయ్యి ఆపండి, ఇప్పుడు తలుపు వెయ్యండి అని. కొత్త యంత్రంతో పెద్దవాళ్లు తికమకపడతారని ఆ ఏర్పాటు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం! బతుకంతా చెవిలో మాట విని చెయ్యి కదిపిన మనిషికి మళ్లీ చెవిలో మాటే పెట్టి, ఈయనకి ఎవరి సాయమూ అక్కర్లేదని తేల్చారు.

మర్నాడే ఇద్దర్నీ వెంటేసుకుని వెళ్లాను. “కందకి లేని దురద కత్తిపీటకెందుకే, ఊరుకో,” అని అక్క దారంతా గొణుగుతూనే ఉంది.

“ఆ గొంతు ఆపేసి పెట్టమ్మా పరీక్ష,” అన్నాను అక్కడ పరీక్ష పెట్టే అమ్మాయితో.

“అలా చేస్తే ఆయన కంగారుపడతారేమోనండీ.”

“ఇంట్లో పొయ్యికి నోరుందా? ఏ గోడ చెప్తుంది ఆయనకి, గ్యాసు కట్టెయ్యమని?”

పక్కగదిలోంచి ఎవరో తొంగిచూశారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదని నాకు తెలుసు. కానీ నా కోపానికి దొరికింది తనే. చివరికి ఒప్పుకుంది.

బావకి కనబడేదంతా మాకు తెర మీద కనబడుతోంది. గిన్నెలోంచి పొగ. సింకు నిండి నేలమీదకి నీళ్లు. ఎక్కడో ఫోను మోత. బావ కదల్లేదు. మీటలు పట్టుకుని, నిటారుగా, బుద్ధిగా నిలబడ్డాడు.

“సిద్ధం. చెప్పండి,” అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. పొగ ఎక్కువైంది.

“సిద్ధం,” అన్నాడు మళ్లీ. మీటలు ఇంకా గట్టిగా బిగించి పట్టుకున్నాడు.

నాకు సంతోషమే కలిగింది, ఎందుకు దాచాలి? ఇప్పుడు వెయ్యండి మార్కులు అనుకున్నాను. అంతలో అక్క, బావ చెవిలోకి మాట వెళ్లే మైకుని బల్ల మీంచి లాక్కుంది.

“ఎడమకి తిరగండి. పొయ్యి ఆపండి. ఆఁ, నిదానంగా. ఇప్పుడు కుళాయి.”

బావ చేతులు మెత్తగా కదిలాయి. పొగ ఆగింది. నీళ్లు ఆగాయి.

“నీకు మతిపోయిందా?” మైకు గుంజబోయాను. “నీ మోకాలి కోసం నేనిక్కడ గొంతు చించుకుంటుంటే!”

“ఆయన అలా నిలబడిపోతే చూడలేకపోయానే,” అంది అక్క.

ఇంట్లో పొద్దస్తమానం ఆవిడ చేస్తున్నదీ ఇదే. అందుకే ఈయన లోకానికి బంగారంలా కనబడుతున్నాడు. అక్కని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది.

ఆ అమ్మాయి వెళ్లి కళ్లజోడు తీసింది. బావ ముఖం వెలిగిపోతోంది. అక్క దగ్గరికెళ్లి పక్కనే నిలబడింది, మైకు ఇంకా చేతిలోనే ఉంది. బావ ఆవిణ్ణి దాటి చూస్తూ ఆ అమ్మాయిని అడిగాడు.

“కింద కొత్తగా ఎవర్నో పెట్టారా? బాగా చెప్తోంది.”

“ఎవరో గుర్తుపట్టారా సార్?”

“లేదమ్మా. కానీ గొంతు బాగా అలిసిపోయింది. పాపం, ఆవిణ్ణి డ్యూటీ దింపి ఇంకొకర్ని వెయ్యండి.”

ఆ అమ్మాయి పాత మార్కులు కొట్టేసి, చోటివ్వమని రాసి సంతకం పెట్టింది. దేనికోసం వెళ్లామో అది దొరికింది.

లిఫ్టు కోసం నిలబడ్డాం. అక్క బావ చొక్కా బొత్తాం సరిచేసి, నా వైపు తిరిగింది.

“బాగా చెప్తోందన్నారు, విన్నావా? ఇన్నేళ్లలో ఒక్కసారైనా అనలేదు.”

“విన్నాను,” అన్నాను. ఇంకొక్క మాట అని ఉంటే ఏడ్చేదాన్ని. లిఫ్టు బటన్ పగిలిపోయేలా నొక్కాను.