లేబుల్ ఊడదీసిన సీసా

అన్నం తోడు, ఇందులో ప్రతి మాటా నిజం. చిక్కడపల్లిలో నన్నెరిగినవాళ్ళు ఈ ఒట్టు వినగానే నవ్వడానికి సిద్ధమవుతారు. ఎందుకంటే, పులిని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని సంతకు తీసుకెళ్ళిన మా తాత కథ నేను ఎప్పుడూ ఈ ఒట్టుతోనే మొదలుపెడతాను. ఈసారి నవ్వకండి. ఐదేళ్ళుగా నేను మోస్తున్నది ఒక ఖాళీ నీళ్ళ సీసా. చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. దాన్ని దించుకోవడానికి ఇన్నేళ్ళలో చోటు దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా? వెతకలేదు.

నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. కాలేజీ పేరు అడగొద్దు, నా పేరు అసలే అడగొద్దు. మా ల్యాబు పై అంతస్తు చివర ఉంటుంది. దాని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎప్పుడో కాలిపోయింది. ఆ కంతలో పావురాలు గూడు పెడుతున్నాయని అట్టముక్క కొట్టి మూసేశారు. కిటికీలు తెరిస్తే వాసనకు పక్కింటివాళ్ళు గొడవకు వస్తారని వాటినీ మూసే ఉంచేవాళ్ళం. ఆ వాసన ఫార్మలిన్‌ది. చచ్చిన జీవుల్ని కుళ్ళకుండా నిలవ ఉంచే మందు. చూడటానికి అచ్చం నీళ్ళే. చిక్కటిది కంట్లో పడితే చూపు పోతుంది. ఆ గదిలో పావుగంట కూర్చుంటే ముక్కు మొద్దుబారిపోయి, ఏది మందో ఏది నీళ్ళో వాసన చూసినా తెలియదు.

ఆ మందు పెద్ద క్యాన్లో వచ్చేది. క్యాను ఎత్తి జాడీల్లో ఒంపడం కష్టమని, తాగి పడేసిన నీళ్ళ సీసాల్లోకి పోసి పెట్టుకునేవాళ్ళం. దీనికో పద్ధతి ఉంది, నాకంటే ముందువాళ్ళు పెట్టింది. సీసా మీది కంపెనీ లేబుల్ ఊడదీస్తే అందులో ఉన్నది మందు. లేబుల్ ఉంటే మంచినీళ్ళు. మాకందరికీ తెలుసు. పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? వాళ్ళు వచ్చిపోయేవాళ్ళు, ల్యాబు మాది. అంతకంటే కారణం నాకు తోచదు.

మంజుల అని ఒక అమ్మాయి ఉండేది. పేరు మార్చాను, మనిషిని మార్చలేదు. జనగామ దగ్గరి పల్లె. అశోక్‌నగర్ హాస్టల్లో, గ్రూప్స్‌కు చదివే అక్కతో కలిసి ఒకే గదిలో ఉండేది. ఆ పిల్లకు ఒకటే ఆశ, ఫారెస్టు శాఖలో ఉద్యోగం. దానికి కంటిచూపు పరీక్ష ఉంటుందని ఎవరో చెప్పారట. అద్దాలు రాకూడదని బస్సులో పుస్తకం తెరిచేది కాదు, మసక వెలుతురులో చదివేది కాదు. కప్పను కోయడమంటే ఆమెకు భయం లేదు. కళ్ళ గురించే భయం. మిగతావాళ్ళకూ తలనొప్పులు, కళ్ళ మంటలు, గ్లౌజులు లేక వేళ్ళ కొసల తోలు ఊడటం, అన్నీ ఉండేవి. వాళ్ళు కారిడార్లో గొణుక్కునేవారు. నిలబడి అడిగింది ఈమె ఒక్కతే.

"సార్, కండ్లు మండుతున్నయి. ఆ ఫ్యాన్ జర చేయించున్రి. గ్లౌజులు, కండ్లద్దాలన్న ఇప్పియ్యున్రి."

"ఈ జాడీలల్ల ఉన్నోళ్ళను చూడు బిడ్డా, ఎప్పటిసంది అండ్లనే మునిగి ఉన్నరు. ఒక్కలన్న కంప్లైంట్ చేసిన్రా?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ ఆమె కూడా నవ్వింది. ఆ జవాబు నాకెంత నచ్చిందంటే, స్టాఫ్‌రూములో మళ్ళీ చెప్పి అక్కడా నవ్వించాను. ఫ్యాన్ గురించి ఒక్క ముక్క అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ ఏడాది బందులతో సగం క్లాసులు ఎగిరిపోయాయి. ప్రాక్టికల్స్ అన్నీ చివర్లో కుక్కాం, రెండు బ్యాచులను ఒకే గదిలో నింపి. పొద్దున్నే హడావిడిగా నేను చిక్కటి మందు ఒక సీసాలోకి ఒంపాను. లేబుల్ తీయడం మరిచాను. సింకు పక్కన బల్ల మీద పెట్టేశాను. తర్వాత కథ మొదలుపెట్టాను. కోతకు ముందు కథ చెప్పడం నా అలవాటు. పిల్లల భయం పోగొట్టడానికని పేరు. అసలు సంగతి, నాకు చుట్టూ జనం చేరాలి. మంజుల ఒక్కతే ముందుగా కప్పను మైనం పళ్ళెంలో పెట్టి పిన్నులు గుచ్చుతోంది. దాని ఒంట్లో ఊరిన మందు చింది ఆమె కంట్లో పడింది. సింకు దగ్గరికి పరుగెత్తింది. నల్లాలో చుక్క రాలేదు. పక్కన నీళ్ళ సీసా ఉంది, లేబుల్‌తో సహా. నా వీపు అటువైపు ఉంది. దోసిట్లోకి ఒంపుకుని మొహాన కొట్టుకుంది.

ఆ అరుపు గురించి రాయలేను. అదొక్కటీ నాకు చేతకాదు.

స్నేహితురాళ్ళు ఆమెను కిందికి నడిపించి, ఆటోలో కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు. మిగతా పిల్లల్ని చూసుకోవాలన్నాను. తర్వాత ఆ మిగతా పిల్లల్ని కూడా బయటికి పంపేశాను. తలుపు దగ్గరికి వేశాను. సీసా తీసుకుని, లేబుల్‌ను గోటితో గీకి ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. నా చేతులే ఆ పని చేసేశాయి అని రాయబోయాను. ఎంత సుఖమైన మాట. చేతులు కాదు, నేను చేశాను. తెలిసి చేశాను. అవతల ఒక పిల్ల కన్ను కాలుతుంటే ఇవతల నేను జిగురు గీకుతున్నాను.

ప్రిన్సిపాల్ మెట్లెక్కి వచ్చేసరికి కథ సిద్ధం. పళ్ళెం కదిలింది, కప్ప కాలు ఊగింది, అది బతికిందనుకుని ఆ పిల్ల దడుసుకుంది, చేతికందిన మందు సీసా దాని మీద పోయబోయి తన మీదే పోసుకుంది. వచ్చేటప్పుడు ఆయన మొహంలో కంగారు ఉంది. కాలు ఊగింది అనే చోట నేను నా కాలు ఊపి చూపించాను. ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో విచారణ ముగిసింది. ఆయనా జువాలజీ చదివినవాడే. సింకు ఎండిపోయి ఉంది, అట్టముక్క కళ్ళెదుట ఉంది, మందు నీళ్ళ సీసాలో ఉంది. అవేవీ ఆయనకు కనిపించలేదు. నేను చూడనివ్వలేదు అంటే నాకే గొప్పతనం అంటగట్టినట్టు. ఆయనకు చూడాలని లేదు. నవ్వడానికి ఏదో ఒకటి దొరికితే చాలు, మాలో ఎవరికీ ఇంకేమీ అక్కర్లేదు.

తర్వాత కొన్నాళ్ళకు మంజుల కంటికి కట్టుతో అక్కను వెంటబెట్టుకుని వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో నేనూ ఉన్నాను.

"నాకు కప్పంటే భయం లేదు సార్," అంది ఆయనతో. "కన్ను మండితే కడుక్కుందామని నీళ్ళనుకొని పోస్కున్న. దాని మీద లేబుల్ ఉండె."

ఆయన సీసా తెప్పించి బల్ల మీద పెట్టాడు. "ఇదే కదమ్మా. లేబుల్ ఏది మరి?"

ఆమె దాన్ని తీసుకుంది. బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని తిప్పింది. బొటనవేలితో రాసి చూసింది.

"జిగురు ఇంకా అంటుతున్నది సార్. పాత సీసాలకు గిట్ల ఉండది. ఇది కొత్తగ ఊడదీసిన్రు." నా వైపు తిరిగింది. "మీరు చెప్పున్రి సార్. మీకు ఎరికే కదా."

తిట్టలేదు. దబాయించలేదు. నేను నిజం చెబుతానని నమ్మి అడిగింది.

"పరేషాన్ల ఉన్నప్పుడు కండ్లకు లేనివి గూడ కనవడ్తయి బిడ్డా," అన్నాను.

వాళ్ళక్క సీసాను ఆమె చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "దాని కండ్ల గురించి మీరు మాట్లాడకున్రి సార్," అంది.

"సరే తియ్యున్రి, ఫ్యాన్ సంగతి చూస్తం," అన్నాడు ప్రిన్సిపాల్. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు.

ఎడమ కన్ను మసకగానే ఉండిపోయిందని ఆమె క్లాసు పిల్లలు చెప్పారు. ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షకు రాలేదు. మళ్ళీ ఏడూ రాలేదు. ఫారెస్టు ఉద్యోగం సంగతి నేను అడగలేదు, అడగకుండానే తెలుసు. ఒకసారి చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద వాళ్ళక్క కనిపించింది. నన్ను చూసి, తింటున్న టిఫిన్ డబ్బా మూత పెట్టి, లేచి లోపలికి వెళ్ళింది.

నాకు మంట పుట్టించేది ఇంకొకటుంది. కన్ను పోగొట్టడం ఒక్కరోజు పని. కథ ఐదేళ్ళూ నడిచింది. ఏ బ్యాచ్ పిల్లలు గ్లౌజులు అడిగినా, కళ్ళు మండుతున్నాయన్నా, మావాళ్ళు ఒకటే మాట అనేవారు: "ఏంది, నీక్కూడ కప్ప కాలు ఊపిందా?" అంతే, అడిగినవాడు తలదించుకునేవాడు. అబద్ధం ఒక పిల్లను కొట్టి ఊరుకోలేదు, తర్వాత వచ్చిన పిల్లలందరి నోళ్ళు కుట్టేసింది. నా కథల్లో ఇంత పనికొచ్చిన కథ మరొకటి లేదు. అట్టముక్క ఇప్పటికీ అక్కడే ఉంది.

మొన్న ఆ ప్రిన్సిపాల్ రిటైరయ్యాడు. అంబర్‌పేట్‌లో ఫంక్షన్ హాలు, మైకు, భోజనాలు. ఆయనే అడిగాడు, కప్ప కథ చెప్పమని. చెప్పానా? చెప్పాను. ఇప్పుడా కప్ప పళ్ళెంలోంచి లేచి ఆయన బల్ల మీదికి గెంతుతుంది. హాలంతా కడుపు పట్టుకుంది. భోజనాల దగ్గర, కొత్తగా చేరిన ఒక లెక్చరరు నా పక్కన కూర్చున్నాడు. కుర్రవాడు.

"మరి ఆ అమ్మాయి ఏమైంది సార్?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. వందమంది విన్నారు, ఒక్కరికీ తోచలేదు. నేను కథ అల్లిందే ఆ ప్రశ్న రాకుండా. "పెళ్ళయింది, హాయిగ ఉన్నది," అన్నాను, చారు పోసుకుంటూ. నాకేం తెలుసు ఆమె ఎక్కడుందో.

ఆ రోజు నుంచి తిండి సరిగ్గా దిగడం లేదు. అందుకే మీకు రాస్తున్నాను. మీరు జాలిపడితే నాకు కోపం వస్తుంది. క్షమించడానికి మీరెవరు? కన్ను మీది కాదు.

ఒట్టు పెట్టాను కదా. అయినా ఒక్క మాట కల్పించాను. ఆ మాటను అక్కడే వదిలేసి పైకి లేద్దామనుకున్నాను, మళ్ళీ కలం తీసుకున్నాను. నా వీపు అటువైపు ఉందని రాశాను. లేదు. సింకుకు ఎదురుగానే నిలబడి ఉన్నాను. ఆమె నల్లా తిప్పడం చూశాను. సీసా మూత తీయడం చూశాను. లేబుల్ తీయలేదని సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. "ఆగు" అంటే సరిపోయేది. కాని నా కథలో, లోయర్ ట్యాంక్ బండ్ వరదనీళ్ళలోంచి ఒక కప్ప బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది, దోమలగూడ స్టాపులో కండక్టరు దాని దగ్గరికొచ్చి టికెట్ అడుగుతున్నాడు. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. ఈ ఒక్క మాటా అయ్యాక ఆమెను ఆపుదామనుకున్నాను. ఆ మాట చెప్పాను. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోంచి వచ్చింది ఆమె అరుపు.

ఇదీ జరిగింది. రాసేశాక ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఇలా ఆడుతున్నందుకు కూడా నా మీద నాకు మండుతూనే ఉంది.