కుండలో చేప

చుక్క ముట్టని మనిషికి మత్తుమావ అని పేరు పడిపోయింది. చేపలకు మత్తెక్కించే చెట్టు బెరడు దంచీ దంచీ అతని అరచేతులూ బెరడులాగే గరుకు తేలాయి. దంచిన పొడి మడుగులో కలపగానే చేపలు తూలుతూ పైకి తేలతాయి. మొదటిదాన్ని మంచినీళ్ల కుండలో వేస్తాడు. అది తేరుకుని తోకాడిస్తేనే మిగతావి బుట్టలోకి వెళ్తాయి.

ఆ రోజు అతను బెరడు పొడి మూటతో మడుగు దగ్గరికి వెళ్లేసరికి కొత్తల్లుడు అప్పటికే బుట్ట నింపేసి నవ్వుతున్నాడు. మత్తుమావ నీళ్లమీది చేపనొకదాన్ని కుండలో వేసి గొంతుక్కూర్చున్నాడు. అది వెల్లకిలా అలాగే ఉండిపోయింది.

"ఏం కలిపారు బాబూ?"

"చేలో పురుగులకు కొట్టే మందే మావయ్యా. మీకు దంచే బాధ తప్పిద్దామని..."

అల్లుణ్ణి ఏమనగలడు? గుంట తవ్వి బుట్టెడు చేపల్నీ పూడ్చాడు. గొడ్లు దిగకుండా మడుగు దారికి ముళ్లకంప అడ్డం వేశాడు.

ఇంట్లో భార్య పొయ్యి మీద నూనె కాచి ఎదురుచూస్తోంది.

"ఇవాళ చేపలు తేల్లేదే. బెరడు పాతబడిపోయినట్టుంది" అన్నాడు.

ఆవిడ ముడి విప్పని మూటను చూసింది. తల దించుకున్న అల్లుణ్ణి చూసింది. మూకుడు దించేసింది.