ఆ పూటకి నాకిచ్చిన కుర్చీ

మా నాన్న రెంటచింతల గుడిలో ఉపదేశి. ఫాదర్ గారు లేనప్పుడు జపాలు చెప్పించేది, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది ఆయనే. ఆదివారం పూజలో అధికారుల కోసం చేసే విన్నపాలు కూడా ఆయనే చదువుతాడు. అవి మాత్రం కింది నుంచి పైకి పోవాలి, అది ఆయన పద్ధతి. ముందు కరెంటు లైన్‌మన్, తర్వాత బస్సు కండక్టర్, ఆ తర్వాత ఎస్సై, తహసీల్దారు, ఆఖర్న ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి. ఒక్కొక్కరి పేరున మేమంతా "ప్రభువా, ఆలకించండి" అనాలి. మా ఊరి ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, లైన్‌మన్ దగ్గర గుడి కప్పు ఎగిరిపోయేలా అనేవాళ్ళం. ప్రధానమంత్రి దగ్గరికొచ్చేసరికి సగం మంది చూపు బయట విడిచిన చెప్పుల మీద ఉండేది.

నా చిన్నప్పుడు ఒకసారి మా వీధి బాబాయి ఒకాయన గుడి మెట్ల మీదే నాన్నను నిలదీశాడు.

"ఏందన్నా, నన్ను మూటలతో సహా బస్సు దించేసిన కండక్టర్ కోసం నేను ప్రార్థన చెయ్యాలా?"

"బుద్ధి ఉన్నోడికి ప్రార్థన ఎందుకురా? లేనోడికే గదా కావాల్సింది," అన్నాడు నాన్న. "కుర్చీ దేవుడిది. కూకున్నోడు అద్దెకున్నోడు. ఆ కుర్చీని చూసి దణ్ణం పెట్టు, మాట విను, పన్ను కట్టు. మనస్సాక్షి మాత్రం ఆడి చేతికియ్యమాక."

బాబాయికి ఎంత అర్థమైందో తెలియదు గానీ, తర్వాతి వారం కండక్టర్ దగ్గర గొంతు కాస్త పెంచాడు. నాకైతే అదంతా పెద్దవాళ్ళ గొడవ అనిపించింది.

ఇప్పుడు నేను ముప్పాళ్ళ వైపు ఒక బడిలో టీచర్ని. మొన్నటి ఎన్నికల్లో నాకు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా డ్యూటీ వేశారు. అంటే ఆ రోజుకి పోలింగ్ గదికి పెద్దదిక్కు నేనే. పల్నాడులో ఎన్నికల డ్యూటీ అంటే ఇంట్లోవాళ్ళు యుద్ధానికి పంపినట్టే పంపుతారు. నాకు పడిన ఊరు బెల్లంకొండ అవతల ఎక్కడో ఉంది, పేరు చెప్పను. అంతకుముందు ఎన్నికల్లో అక్కడ ఓటింగ్ మిషన్‌ని నేలకేసి కొట్టారని, ఒక టీచర్ కిటికీలోంచి దూకి బయటపడ్డాడని, ముందురోజు ఆదివారం పోలింగ్ సామాన్లు ఇచ్చేచోటే ఒకాయన చల్లగా చెప్పాడు. ఆయన నోరు పడిపోను! ఇక నాకు అన్నం సహిస్తేనా? నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, ఈ ఆదివారం పూజ కూడా పోయింది. భయంగా ఉంది."

"నిన్ను గూడా కలిపాలేమ్మా."

"దేంట్లో?"

"విన్నపాల్లో. లైన్‌మన్ తర్వాత, కండక్టర్‌కి ముందు."

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. చిన్నప్పటి నుంచి ఎవరెవరి కోసమో అరిచిన మాట నా వైపు తిరుగుతుందని ఏనాడూ అనుకోలేదు.

పోలింగ్ రోజు పొద్దున సజావుగానే సాగింది. ఎండెక్కే వేళకి తెల్లపంచె కట్టిన పెద్దమనిషి ఒకాయన ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. వాళ్ళ వెనక ఇంకో నలుగురు అవ్వలు. నా మెడలో సిలువ చూడగానే ఆయన ముఖం వికసించింది.

"మనోళ్ళేనా తల్లీ! మంచిది. నేనీడ సంఘం పెద్దని. ఈమె మా అమ్మ, కళ్ళు ఆనవు. ఓటు నేనేస్తా. ఎనకమాల వాళ్ళవి గూడా నేనే ఏస్తా."

చూపు లేనివాళ్ళ ఓటు వెంట వచ్చినవాళ్ళు వెయ్యొచ్చు, నిజమే. కానీ ఒక మనిషి ఒక్కరికే తోడు రావాలి. ఆ మాటే చెప్పాను.

"అధికారం దేవుడిచ్చిందని గుళ్ళో చెప్పరా మీకు?" అన్నాడాయన. "ఈ వీధికి పెద్దరికం దేవుడు నాకిచ్చాడు. వీళ్ళెవురూ నా మాట జవదాటరు. మధ్యలో నీ అడ్డమేంది?"

రెండు పార్టీల ఏజెంట్లూ లేచి నిలబడ్డారు. ఒకడు కుదరదన్నాడు, ఇంకొకడు ఎట్టా కుదరదో చూస్తానన్నాడు. గేటు దగ్గర జనం మూగారు. తుపాకీ పట్టుకున్న జవానుకు తెలుగు రాదు. నేను బల్ల గట్టిగా పట్టుకున్నాను. కిటికీ ఎంత ఎత్తుందో కూడా చూసుకున్నాను, అబద్ధం ఎందుకు? కానీ భయంతో పాటు ఒళ్ళు కూడా మండింది. నాన్న నోట విన్న మాటే, ఈయన చేతిలో కర్రయి కూర్చుంది.

"పెద్దాయనా, వీధి మీకిచ్చాడేమో, కాదనను. ఈ గది మాత్రం ఈ పూటకి నాకిచ్చాడు. సాయంత్రం మళ్ళీ తీసేసుకుంటాడు. అందాకా ఆయనకు జవాబు చెప్పుకోవాల్సింది నేను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తర్వాత ముసలామె వైపు తిరిగాను. "అవ్వా, నీకు నిజంగా కనపడదా?"

"ఎందుకు కనపడదు? నీ చీర మీద మామిడి పిందెలు గూడా కనపడతన్నయ్యి."

"మరి పోయినసారి?"

"పోయినసారి గూడా కనపడ్డయ్యి. ఎవురడిగారు నన్ను?"

గది గదంతా నవ్వింది. లేచిన ఏజెంట్లు నవ్వుతూనే కూర్చున్నారు. అవ్వ ఒక్కతే మిషన్ చుట్టూ నిలబెట్టిన అట్ట చాటుకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాదు. చివరికి మిషన్ కూత పెట్టింది, ఆమె కొంగు సర్దుకుంటూ బయటికొచ్చింది. మిగతా వాళ్ళలో ఒకామెకు నిజంగానే చూపు లేదు, మనవరాలిని పిలిపించుకుంది. కొడుకు మాత్రం నల్లబడ్డ ముఖంతో "సాయంత్రం కనపడతా" అని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాటతో మధ్యాహ్నమంతా నాకు నరకమే. గేటు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. గొడవేమీ లేకుండా పోలింగ్ ముగిసింది, మిషన్‌కి సీళ్ళు పడ్డాయి. పొద్దు గుంకే వేళ బస్సు కోసం వరండాలో నిలబడి ఉండగా ఆయన రానే వచ్చాడు. చేతిలో ఏదో ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి, "మా అమ్మ దేనికేసిందో నువ్వేమన్నా చూశావా? అప్పటి నుంచి అడుగుతున్నా. నీకెందుకు పోరా అంటంది."

"నేనెట్లా చూస్తాను పెద్దాయనా? చూసే అధికారం నాకు లేదు. కలెక్టరుకీ లేదు."

ఆయన నా సిలువ వంక చూశాడు. తర్వాత పెదాల చివర నవ్వు దాచుకుంటూ చేతిలోని స్టీలు క్యాను ఇచ్చాడు.

"మజ్జిగ. మామిడి పిందెల చీరామెకి ఇచ్చి రమ్మంది. ఇయ్యకుండా ఇంటికి రావద్దంది."

గడగడా తాగేశాను. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరంతా అప్పుడు వదిలాను. అంత హాయి నేనెరగను.

బస్సెక్కగానే నాన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "ఇక నన్ను తీసెయ్ నాన్నా. కుర్చీ ఖాళీ చేశాను," అన్నాను.

"సరే, తీసేస్తా. వచ్చే ఆదివారం ఆ అవ్వని కలుపుతా."

"ఎక్కడ?"

"ప్రధానమంత్రి తర్వాత."

ఆ ఆదివారం నేనూ మా ఊరి గుడికి వెళ్ళాను. నాన్న అన్నట్టే చేశాడు. ఎవరా అవ్వ అని జనం ముఖాలు చూసుకుంటున్నారు. నేనొక్కదాన్నే, లైన్‌మన్ దగ్గర కన్నా గట్టిగా, "ప్రభువా, ఆలకించండి" అన్నాను.