బావ నడుము ముప్పై అంగుళాలు

మంగళవారం పొద్దున మా బావ పోయాడు. ఓర్వకల్లులో అంగడి షట్టరు ఎత్తుతూ కూలబడ్డాడట. కర్నూలు తీసుకుపోయేలోపే అయిపోయింది. గుండెపోటు అన్నారు. ఫోన్లో ఆ మాట విని నేను "సరే" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

మా అక్క భర్త ఆయన. ముప్పై ఏళ్లు ప్యాంట్లు కుట్టాడు. నడుముకు టేపు చుట్టి మనిషి ఆరోగ్యం ఎలా ఉందో చెప్పేసేవాడు. కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదిలి, "తొందర్లోనే అవసరం పడతాదిలేప్పా" అని ఆటపట్టించేవాడు. నా దగ్గరికి వస్తే మరీనూ. "బామ్మర్దీ, నీ చుట్టూ తిరిగితే శ్రీశైలంలో ప్రదక్షిణ చేసినట్టే ఉండాది" అనేవాడు. తన నడుము మాత్రం ముప్పై. పెళ్లినాటి ప్యాంటు చివరిదాకా పట్టింది.

రెండేళ్ల కిందట ఇద్దరం పరగడుపున కర్నూలు వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చాం. అవసరం నాకే. తోడొచ్చాడు గనక తనూ ఇచ్చాడు. నా రిపోర్టు బాగుంది. చెడు కొవ్వు ఆయనకు శానా ఎక్కువ ఉందని తేలింది. ఒంటి బరువు వేరు, రక్తంలో కొవ్వు వేరు, సన్నటివాళ్లకూ గుండెజబ్బు వస్తుందని చెప్పి డాక్టరు రోజూ వేసుకోమని మాత్రలు రాశాడు. బావ బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చి టీ తాగుతూ నవ్వాడు.

"కాగితాలు తారుమారైనాయి బామ్మర్దీ. నాకు కొవ్వు యాడుండాది? ఈ మాత్రలు నీయి. నువ్వే మింగు."

నేనూ నమ్మాను. రోజూ అద్దంలో నన్ను చూసుకునేవాణ్ణే కదా. ఇంకోసారి పరీక్ష చేయించుకుందాం బావా అని ఒక్క మాట అనలేదు. ఆయన పేరున్న చీటీతోనే నెలనెలా కొని వేసుకున్నాను. కలిసినప్పుడల్లా "మింగుతాండావా?" అని అడిగేవాడు. నా మీద అంత శ్రద్ధ ఇంకెవరికీ లేదు.

శవం దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది. "మీ బావకు ఏ రోగమూ లేకపాయె గదరా. యాడ నుంచి వచ్చెరా ఇది?"

తెలియదన్నాను. ఇంకా చెప్పలేదు. మీకే మొదట చెబుతున్నాను. సిగ్గుగా ఉంది. ఏడుపు మాత్రం రావడం లేదు.

పాడె కింద నేనూ భుజం పెట్టాను. పది అడుగులకే ఆయాసం వచ్చింది. పక్కింటాయన నన్ను జరిపి తను అందుకున్నాడు. "బరువే లేడప్పా" అన్నాడు ముందున్నవాళ్లతో. వాళ్లు నడక పెంచారు. ఆగమని పిలవడానికి నాకు ఊపిరి చాల్లేదు. గుట్ట మలుపులో పాడె కనుమరుగయ్యేసరికి నేనింకా రోడ్డు మధ్యలోనే ఉన్నాను.