కొల్లేరు సవరణ

ఆ రోజుల్లో నాకు సూర్యుడు నా మాట వింటాడనే నమ్మకం ఉండేది. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఏలూరులో ఇళ్ళ మీద సోలార్ పలకలు బిగించే ఒక చిన్న కంపెనీలో చేరిన కొత్త. నా పనల్లా రేపు ఏ ఇంటి మీద ఎంత కరెంటు పుడుతుందో ఇవాళ సాయంత్రమే లెక్కగట్టి ఆ ఇంటివాళ్ళకు మెసేజి పెట్టడం. ఎండ బాగుంటుందంటే బ్యాటరీలో ఉన్నది ధారాళంగా వాడుకోవచ్చు, తక్కువంటే దాచుకోవాలి. ఉపగ్రహం పంపే మబ్బుల బొమ్మలూ, పాత రోజుల అంకెలూ కలిపి నేను రాసుకున్న ప్రోగ్రామును చూసి తెగ మురిసిపోయేదాన్ని. (ఆ వయసులో అద్దం కూడా అంతగా చూసుకోలేదు.)

మొదటి పరీక్షకు మాకు దొరికింది ఆకివీడు దగ్గర, చుట్టూ చేపల చెరువులున్న ఊళ్ళో, రిటైరైన ఒక టీచరమ్మ గారి ఇల్లు. ఆవిడ తెలుగు చెప్పేవారట. భర్త మాస్టారు సైన్సు చెప్పేవారట. ఆయనకు ఊపిరితిత్తులు పాడై, రోజులో ఎక్కువసేపు ఆక్సిజన్ యంత్రం పక్కనే కూర్చోవాలి. ఆ ఊళ్ళో గాలి గట్టిగా వీస్తే చాలు, కరెంటు పోతుంది. అందుకే ఆ బ్యాటరీ. "నీ మెసేజి మీద ఒక మనిషి ఊపిరి ఉందమ్మా, జాగ్రత్త" అని చార్జింగ్ సారు (మా యజమాని, ఆయన ఫోను ఎప్పుడు చూసినా గోడకే గుచ్చి ఉండేది) చెప్పినప్పుడు తలైతే ఊపాను గానీ, ఆ మాట నిజంగా తలకెక్కలేదు.

మార్చి నెలలో వింత మొదలైంది. నేను "రేపు మంచి ఎండ" అన్నరోజున తొమ్మిది దాటేసరికి ఆ ఇంటి కరెంటు మూడోవంతుకు పడిపోయేది. "రేపు ఎండ తక్కువ" అన్నరోజున మాత్రం నేను చెప్పినంతా వచ్చేది. వారం రోజులు జుట్టు పీక్కుని, చివరికి ఒక సిద్ధాంతం కనిపెట్టాను. ఎండ ముదిరిన రోజున కొల్లేరు నీళ్ళు ఆవిరై, ఆ ఊరి మీద పల్చని తెరలా నిలబడుతున్నాయన్నమాట! దానికి 'కొల్లేరు సవరణ' అని పేరు పెట్టి, పదహారు స్లయిడ్లు తయారుచేసి సారుకు చూపించాను.

"ఆ తెర మన కంటికి కనబడదేంటమ్మా?" అన్నారు సారు.

"చాలా సన్నటిదండీ" అన్నాను గంభీరంగా.

సవరణ కలిపాక ప్రోగ్రాము రోజూ "ఎండ తక్కువ" అనడం మొదలుపెట్టింది. ఆ మెసేజి వెళ్ళిన ప్రతిరోజూ కరెంటు కాలవలా పొంగింది. "నీ సవరణ చూసి కొల్లేరు జడుసుకున్నట్టుందమ్మా" అన్నారు సారు. ఎవరూ చూడకుండా దాన్ని తీసేసి, పాత ప్రోగ్రామునే మళ్ళీ పెట్టాను.

సరిగ్గా అప్పుడే ఆ ఊళ్ళో లైను పనులంటూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదన్నారు. ముందురోజు సాయంత్రం నేను "రేపు బ్రహ్మాండమైన ఎండ, నిశ్చింతగా వాడుకోండి" అని మెసేజి పెట్టాను. పొద్దున్నే వాళ్ళు నీళ్ళ మోటారూ, గ్రైండరూ నిశ్చింతగా వాడుకున్నారు. తొమ్మిదిన్నరకు ఆఫీసులో నా ఫోను తెర మీద ఆ ఇంటి కరెంటు గీత దభీమని కిందపడింది. కిటికీలోంచి చూస్తే ఏలూరు ఆకాశంలో మబ్బు తునక లేదు. ఫోను చేస్తే టీచరమ్మ గారు ఎత్తరు. బ్యాటరీలో మిగిలింది ఎంతోసేపు రాదు.

కంపెనీ వ్యానులో ఒక విడి బ్యాటరీ వేసుకుని బయల్దేరాను. దారి పొడుగునా చెరువుల మీద ఎండ కళ్ళు తెరవనివ్వడం లేదు. గట్ల మీద గూడబాతులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఇంత ఎండా ఎక్కడికి పోతోంది? పలకలు పాడయ్యాయా? మాస్టారికి ఏమైనా అయితే? ఆ గంటన్నరలో నాకు తెలిసిన ప్రార్థనలూ, తెలియనివీ అన్నీ చేశాను.

వెళ్ళేసరికి మాస్టారు ముక్కుకు గొట్టం పెట్టుకుని ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నారు. "ఆవిడ పైనుందమ్మా" అన్నారు. మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

పలకల మీద మాస్టారి పాత పంచె. నాలుగువైపులా బట్టల క్లిప్పులు. పంచె నిండా బారులు తీరిన సగ్గుబియ్యం వడియాలు. పక్కన గొడుగు కింద, కాకుల్ని తోలే కర్రతో టీచరమ్మ గారు.

"ఏంటండీ ఇది?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"వడియాలండి. మీరే కదండీ అమ్మాయిగారూ, బ్రహ్మాండమైన ఎండని మెసేజి పెట్టారు? మంచి ఎండన్నారంటే చాలండి, అప్పుడే సగ్గుబియ్యం నానేస్తాను. తక్కువన్నరోజు అసలు ముట్టుకోను. మీ మాటంటే అంత గురండి నాకు."

"మరి పలకల మీదెందుకండీ?"

"నేల మీదైతే చీమలండి. ఇవైతే నున్నగా, వేడిగా భలే ఉన్నాయండి. అయినా అన్నీ కప్పేశాననుకున్నారా? సగం కరెంటుకి వదిలేశానండి."

ఒక పలక మీద నీడ పడినా దానితో కలిపిన వరసంతా కుంటుపడుతుందని చెప్పాను. "అయ్యో ప్రభువా! ఆయన ఊపిరి మీదా నేను వడియాలు పెట్టింది?" అన్నారు. కర్ర కిందపడేసి గబగబా క్లిప్పులు పీకేశారు. పంచెకు చెరోవైపు పట్టుకుని, వడియం ఒక్కటీ జారకుండా దించాం.

కిందికొచ్చి మాస్టారి ముందు నా ఫోను పెట్టాను. తెర మీద గీత నిటారుగా పైకి లేస్తోంది. పక్కన యంత్రం గుర్రుగుర్రుమంటోంది. ఆయన పేపరు పక్కన పెట్టి దాన్నే చూశారు.

"ముప్ఫై ఏళ్ళు చెప్పానమ్మా పిల్లలకి, సూర్యుడి వెలుగు మన దాకా రావడానికి ఎనిమిది నిమిషాలు పడుద్దని. రాయనోళ్ళకి మార్కు కోసేవాణ్ణి. ఆ వెలుగే ఇలా నా ముక్కులోకి వస్తదని మాత్రం నాకు తెలీదమ్మా" అన్నారు.

అంతవరకూ నాకు సూర్యుడంటే తెర మీద గీత. అంత దూరాన్నుంచి బయల్దేరిన వెలుగు, దారిలో దేనికీ ఆగకుండా వచ్చి, ఈ చెరువుల మధ్య ఒక ముసలాయన గుండెలో దిగుతోంది. దాన్ని ఆపగలిగింది ఒక పంచె. ఆ పంచె పరిచేలా చేసింది నేను. ఏం చెయ్యాలో తోచక కొల్లేరు సవరణ సంగతి, పదహారు స్లయిడ్లతో సహా, ఒప్పేసుకున్నాను. ఆయన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. "మీరింక ఆపండి బాబూ" అని టీచరమ్మ గారు ఇద్దర్నీ కలిపి కోప్పడ్డారు.

ఆ సాయంత్రమే ప్రోగ్రాములో ఒక ప్రశ్న చేర్చాను: "రేపు వడియాలు పెడుతున్నారా?" ఇప్పుడు నేను లెక్కగట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. పెద్ద పెద్ద యంత్రాలు నా బదులు ఆలోచిస్తాయి. ఆ ప్రశ్నను మాత్రం ఎవర్నీ తియ్యనివ్వలేదు.

మాస్టారు పోయి రెండేళ్ళయింది. ఆ ఇంట్లో ఇప్పుడు యంత్రం లేదు, బ్యాటరీ గురించి బెంగా లేదు. అయినా సాయంత్రం నా మెసేజి కాస్త ఆలస్యమైతే టీచరమ్మ గారి ఫోను వస్తుంది. "రేపు ఎండెలా ఉంటదండీ అమ్మాయిగారూ?" అంటారు. నా ముందున్న తెర మీద అంకె కనబడుతూనే ఉంటుంది. కానీ లేచి వరండాలోకి వెళ్ళి, ఒకసారి ఆకాశం కేసి చూసి, అప్పుడు చెబుతాను.

"బాగుంటుందండీ. పెట్టుకోండి."

"నేల మీదే పెడతాలెండి" అంటారావిడ.